ఐదు బారల లోతు

ఇంట్లో తాళంచెవి కనిపించకపోతే ఎంత హడావిడి! పరుపుల కింద, విడిచిన చొక్కా జేబుల్లో, టీవీ వెనకాల, చివరికి పోపుల పెట్టెలో కూడా చూసేస్తారు. న్యూయార్క్‌లో ఒక తాళంచెవి మాత్రం 1947 నుంచి ఒకేచోట పడి ఉంది. ఎక్కడుందో అందరికీ తెలుసు. ఎవరూ తీయరు. తీయబోతే పోలీసులొస్తారు.

అది ఉన్నది ఒక పెయింటింగ్‌లో. కుంచెతో గీసిన తాళంచెవి కాదు, తలుపు తీసే అసలు తాళంచెవే. దానికి తోడు మేకులు, పిన్నులు, చొక్కా గుండీలు, నాణేలు, సిగరెట్లు, అగ్గిపుల్లలు. అన్నీ గట్టిపడిన రంగులో కూరుకుపోయి ఉన్నాయి, ఎవరో జేబులు దులిపేసినట్టు! ఆ జేబుల ఆసామి జాక్సన్ పోలక్. పెయింటింగ్ పేరు 'ఫుల్ ఫాదమ్ ఫైవ్'. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సొత్తు.

ఫాదమ్ అంటే రెండు చేతులూ బార్లా చాపినంత పొడవు, ఆరడుగులు. తెలుగులో దానికి చక్కని మాట ఉంది: బార. తాడు పొడవైనా, బావి లోతైనా పెద్దవాళ్లు బారల్లోనే చెప్పేవారు. అంటే ఆ పేరుకు అర్థం 'నిండా ఐదు బారల లోతున' అని. ముప్పై అడుగుల నీళ్ల కింద అన్నమాట. తీరా చూస్తే కాన్వాసు ఎత్తు 129 సెంటీమీటర్లు, వెడల్పు 76.5. ఒక్క బార కూడా లేదు!

దూరం నుంచి చూస్తే ముదురు ఆకుపచ్చగా, నాచు పట్టిన దిగుడుబావి నీళ్లలా ఉంటుంది. దాని మీద నల్లటి ధారలు, వెండిలా మెరిసే ధారలు పెనవేసుకుని పోతుంటాయి. అక్కడక్కడా కాస్త నారింజ, కాస్త తెలుపు. పైన కనిపించే ఆ ధారలు పోసినవి. అడుగున పెచ్చుల్లా మందంగా ఉన్న రంగులో చాలాభాగం కుంచెతోనూ, రంగు కలిపే చాకుతోనూ పట్టించింది. చేప లేదు, పడవ లేదు, నీరూ ఆకాశమూ కలిసే గీత లేదు. అయినా కాసేపు అలాగే నిలబడితే కళ్లు ఆ పొరల్లోంచి లోపలికి దిగుతూ పోతాయి. పైన మెరుపు, కింద నలుపు, ఇంకా కింద పచ్చదనం. మునిగినవాడికి నీళ్ల లోపలినుంచి పైకి చూస్తే ఇలాగే కనిపిస్తుందేమో అనిపిస్తుంది.

ఇలాంటి బొమ్మల ముందు చాలామంది చేసే పని ఒకటుంది. రెండు క్షణాలు బొమ్మను చూస్తారు, వెంటనే గోడకున్న చిన్న అట్ట వైపు వంగుతారు. అట్ట మీద సముద్రం అని ఉంటే 'అవునవును, అవిగో అలలు' అంటారు. నక్షత్రాలని ఉంటే ఆ అలలే నక్షత్రాలైపోతాయి. అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లి ఊరు చూడబోయిన అమ్మానాన్నలే కాదు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లూ అంతే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే ఈ పెయింటింగ్ పేరు వెనక ఒక కథ ఉంది. అది తెలిసినవాళ్లకు అట్ట వైపు వంగబోయేటప్పుడు మెడ కాస్త సందేహిస్తుంది.

పోలక్ సముద్రం ఒడ్డున పుట్టినవాడు కాదు. 1912లో అమెరికా పడమటి భాగంలోని వయోమింగ్ రాష్ట్రంలో, కోడీ అనే ఊళ్లో పుట్టాడు. ఐదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. ఆ రాష్ట్రానికి ఏ వైపునా సముద్రం లేదు. పెరిగింది అరిజోనాలో, కాలిఫోర్నియాలో. 1930లో బొమ్మలు నేర్చుకోవడానికి న్యూయార్క్ చేరాడు. పడమటి దేశం మాత్రం మనసులోంచి పోలేదు. 1944లో ఒక పత్రికవాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతూ, కనుచూపు మేర అడ్డంగా పరుచుకున్న ఆ నేలంటే తనకెంతో ఇష్టమనీ, తూర్పున అలాంటిది కనిపించేది అట్లాంటిక్ సముద్రంలో మాత్రమేననీ అన్నాడు. సముద్రం అతనికి నేల లాంటిది. ఊరు వదిలి వచ్చినవాడు కొత్త ఊళ్లో పాత ఊరి పోలిక వెతుక్కున్నట్టు!

ఆ మరుసటి ఏడాది అక్టోబరులో లీ క్రాస్నర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా గట్టి చిత్రకారిణి. ఆ సంగతి లోకం తీరిగ్గా, చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకుంది. కొత్త దంపతులు నగరం వదిలేసి లాంగ్ ఐలండ్ తూర్పు కొసలోని స్ప్రింగ్స్ అనే పల్లెకు వెళ్లిపోయారు. ఇంటి వెల 5,000 డాలర్లు. మొదట కట్టాల్సిన 2,000 డాలర్లు పెగ్గీ గుగ్గెన్‌హైమ్ అప్పుగా ఇచ్చింది. న్యూయార్క్‌లో గ్యాలరీ నడిపే ఈ సంపన్నురాలు 1943 నుంచి పోలక్‌కు నెల నెలా జీతంలా డబ్బిస్తూ అతని బొమ్మలు తీసుకునేది. ఇంట్లో వేడినీళ్లు లేవు, స్నానాలగది లేదు. పెరట్లో మాత్రం పాత కొట్టం ఒకటుంది.

ఆ కొట్టం చిక్కుగా ఉండేది. ఇంటి వెనక అకబొనాక్ అనే ఉప్పుటేరు పారుతుంటే, దాన్ని కనిపించనీకుండా అడ్డంగా నిలబడింది. 1946లో దంపతులు కొట్టాన్ని మొత్తంగా పక్కకు జరిపించారు. ఇప్పుడు వంటింట్లోంచి చూసినా నీళ్లే, పెరట్లోంచి చూసినా నీళ్లే. ఇంత ఖర్చుపెట్టి నీళ్లు కనిపించేలా చేసుకున్న మనిషి, అదే కొట్టాన్ని బొమ్మలు వేసుకునే చోటుగా మార్చుకుంటూ కిటికీ మాత్రం ఎత్తులో, తలకన్నా పైన పెట్టించాడు. పనిచేస్తుంటే బయటి దృశ్యం కంటపడకూడదని! ఆ మనిషి బొమ్మల్లో సముద్రం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లు ముందుగా ఈ కిటికీని తలచుకోవాలి.

కొట్టంలోకి వచ్చాక పోలక్ కాన్వాసును స్టాండు మీద నిలబెట్టడం మానేశాడు. నేల మీద పరిచాడు. చుట్టూ తిరుగుతూ, నాలుగు వైపుల నుంచీ వంగుతూ, గోడలకు వేసే రంగును డబ్బాలోంచి పుల్లతో తీసి పైనుంచి జారవిడిచాడు. ఆ రంగుల్లో ఇసుక, పగిలిన గాజు, దొరికిన వస్తువులు కలుపుతాననీ, తన పద్ధతి అమెరికా పడమటి ఆదివాసులు నేల మీద ఇసుకతో వేసే బొమ్మలకు దగ్గరగా ఉంటుందనీ అతనే రాసుకున్నాడు. ఈ వర్ణన చదివిన తెలుగువాళ్లకు గుర్తొచ్చేది వేరు. తెల్లవారుజామున కళ్లాపి చల్లిన వాకిట్లో నడుం వంచి, వేళ్ల సందుల్లోంచి పిండిని సన్నటి ధారగా వదిలే ఇల్లాలు. చెయ్యి నేలకు తగలదు. గీత మధ్యలో ఆగదు. ముగ్గుకు చుక్కల లెక్క ఉంటుంది, పోలక్‌కు అది లేదు. ఒడుపు మాత్రం ఒకే కుటుంబానిది.

ఇక పేర్ల సంగతి.

1947 చివరికి కొట్టంలో బొమ్మలు బోలెడు పోగయ్యాయి. పెగ్గీ అప్పటికి న్యూయార్క్ గ్యాలరీ మూసేసి యూరప్ వెళ్లిపోయింది. 1948 జనవరిలో బెట్టీ పార్సన్స్ గ్యాలరీలో ప్రదర్శన ఖాయమైంది. ప్రదర్శన అంటే కేటలాగు కావాలి, కేటలాగులో పేర్లుండాలి. పోలక్‌కు పేర్లు పెట్టడం ఇష్టం లేని పని. అప్పుడు పక్కింటివాళ్లు సాయానికొచ్చారు. రాల్ఫ్ మాన్‌హైమ్, ఆయన భార్య మేరీ. రాల్ఫ్ వృత్తి అనువాదం. జర్మన్ రచయిత గుంటర్ గ్రాస్ నవల 'ద టిన్ డ్రమ్' ఇంగ్లిషు పాఠకులకు మొదట చేరింది ఈయన చేతుల మీదుగానే. బొమ్మల ముందు కూర్చుని ఆ దంపతులు తోచిన పేర్లు చెబుతుంటే, పోలక్ నచ్చినవి ఉంచి నచ్చనివి కొట్టేశాడు.

అలా పుట్టిన పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. 'గెలాక్సీ'. 'కామెట్', అంటే తోకచుక్క. 'షూటింగ్ స్టార్', రాలిపోయే చుక్క. ఇవన్నీ ఆకాశం ఖాతా. 'సీ ఛేంజ్', 'వాటరీ పాత్స్', ఇవి నీళ్ల ఖాతా. 'ఫాస్ఫరెసెన్స్' అనేది చీకట్లో తనంతట తాను మెరిసే వెలుగు, రాత్రివేళ అల విరిగినచోట కనిపించేలాంటిది. అన్నిటికన్నా గడుసు పేరు 'రిఫ్లెక్షన్ ఆఫ్ ది బిగ్ డిప్పర్'. సప్తర్షి మండలం నీడ అని. నీడ ఎక్కడ పడుతుంది? నీళ్లలోనే కదా! ఆకాశాన్నీ నీటినీ ఒక్క పేరుతో ముడేశారు. అది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడలిక్ మ్యూజియంలో ఉంది.

అంటే ఇన్నేళ్లుగా జనం ఆ బొమ్మల్లో చూస్తున్న సముద్రం పోలక్‌ది కాదా? పుస్తకాలు బాగా చదివిన పక్కింటాయన ఊహేనా? 'ఫుల్ ఫాదమ్ ఫైవ్' అన్న మాట షేక్‌స్పియర్ నాటకం 'ద టెంపెస్ట్'లోని ఒక పాటది. ఓడ మునిగి తండ్రి చనిపోయాడని అనుకుంటున్న రాకుమారుడికి, కంటికి కనిపించని గాలి దూత పాడే పాట. తండ్రి సముద్రగర్భంలో ఉన్నాడనీ, అతని ఎముకలు పగడాలయ్యాయనీ, కళ్లు ముత్యాలయ్యాయనీ అందులో ఉంటుంది. 'సీ ఛేంజ్' కూడా అదే పాటలోని మాట. అనువాదకుడికి ఆ పాట తట్టడంలో వింత లేదు. వెల్డింగ్ మేస్త్రీకి చూపిస్తే ఇనుప తుక్కు అనేవాడేమో.

ఇక్కడితో కథ అయిపోతే, పేర్లన్నీ ఉత్తుత్తివని తేల్చేసి లేచిపోవచ్చు. కానీ 1998లో న్యూయార్క్ మ్యూజియం పోలక్ బొమ్మలన్నీ ఒకచోట చేర్చి భారీ ప్రదర్శన పెట్టింది. ఆ రోజుల్లో నిపుణులు 'ఫుల్ ఫాదమ్ ఫైవ్'కు ఎక్స్‌రే తీసి చూశారు, విరిగిన ఎముకకు తీసినట్టే. పచ్చటి పొరల అడుగున ఒక మనిషి ఆకారం బయటపడింది. తాళంచెవీ మేకులూ లాంటివి అడ్డదిడ్డంగా విసిరినవి కావనీ, ఆ ఆకారాన్ని అనుసరించి పెట్టినవనీ అర్థమైంది. నిలబడిన మనిషి మీద పొర మీద పొర రంగు పడి, చివరికి మనిషే కనిపించకుండా పోయాడు. దానికి పెట్టిన పేరేమో నీళ్ల అడుగున పడి పగడమైపోయిన మనిషి పాట!

దాని తోబుట్టువు 'గెలాక్సీ'దీ అదే తీరు. ఒమాహా నగరంలోని జోస్లిన్ మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మ అడుగున అంతకుముందు వేసిన 'ద లిటిల్ కింగ్' అనే బొమ్మ ఉంది. చిన్నరాజు మీద పోలక్ అల్యూమినియం రంగు పోశాడు, తెల్లరంగు చిలకరించాడు, సన్నటి కంకర చల్లాడు. రాజు చుక్కల్లో కలిసిపోయాడు. పాలపుంతలో మెరుస్తున్నది లాంగ్ ఐలండ్ కంకర.

ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కన చూసే భాగ్యం మామూలుగా దొరకదు. ఒకటి న్యూయార్క్‌లో, ఒకటి ఒమాహాలో, 'సీ ఛేంజ్' సియాటిల్‌లో, 'వాటరీ పాత్స్' రోమ్‌లో. ఒకే ఏడాది ఒకే కొట్టంలో పుట్టిన పిల్లలు తలో దేశం పట్టారు. పంచిపెట్టింది పెగ్గీయే. ఒప్పందం ప్రకారం తనకొచ్చిన బొమ్మలను మ్యూజియాలకు ఊరికే ఇచ్చేసింది.

పేర్ల వల్ల వచ్చే చిక్కు పోలక్‌కు త్వరగానే తెలిసొచ్చింది. 1948 నుంచి పేర్లు మానేసి అంకెలు వేయడం మొదలుపెట్టాడు. నంబర్ 1, నంబర్ 5... ఆస్పత్రి టోకెన్లలా. అంకెకు ఏ రంగూ ఏ రుచీ ఉండదు కాబట్టి చూసేవాళ్లు బొమ్మను బొమ్మగానే చూస్తారని 1950లో ఒక పత్రిక మనిషితో క్రాస్నర్ చెప్పింది. మంచి ఆలోచనే. లోకం ఊరుకుంటుందా? 1950 నాటి నంబర్ 1కి క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ అనే విమర్శకుడు 'లావెండర్ మిస్ట్' అని పేరు పెట్టేశాడు. లేత ఊదారంగు పొగమంచట! ఇప్పుడు అందరూ దాన్నలాగే పిలుస్తారు. పుట్టిన పిల్లవాడికి రిజిస్టరులో ఎంత పెద్ద పేరున్నా వీధిలో చిన్నా, బుజ్జీ అయిపోయినట్టే.

సముద్రం పేరులోనే ఉందా, రంగులో కూడా ఉందా అన్న ప్రశ్నకు ఈమధ్య కాలంలో జవాబు చెప్పబోయినవాళ్లు కళా విమర్శకులు కారు, ద్రవాల కదలికను చదివే శాస్త్రవేత్తలు. వీళ్ల మాటలు వినసొంపుగా ఉన్నాయి.

1936లో, కుర్రవాడిగా ఉండగా పోలక్ న్యూయార్క్‌లో ఒక ప్రయోగశాలలో చేరాడు. నడిపింది మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్. కుంచెల కాలం పోయిందనీ, కార్లకు వేసే లక్కరు రంగులే ఈ కాలపు రంగులనీ వాదించేవాడాయన. చెక్క పలకను పడుకోబెట్టి ఒక రంగు పోసి, ఆరకముందే దాని మీద ఇంకో రంగు పోసేవారు. ఇక చెయ్యి పెట్టనక్కర్లేదు. రంగులే ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయి నత్తగుల్లల్లా, మచ్చల్లా, కణాల్లా అల్లుకునేవి. ఎలా జరుగుతోందో ఆయనకూ తెలియదు. 2015లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన కళాచరిత్ర పరిశోధకురాలు సాండ్రా జెటీనా, శాస్త్రవేత్త రొబెర్తో జెనిత్ బృందం ఆ పని తిరిగి చేసి చూసి కారణం చెప్పారు. పైన పోసిన రంగు కింది రంగుకన్నా బరువైనది. బరువైనది పైన, తేలికది కింద ఉంటే నిలవదు. పైది వేళ్లలా కిందికి దిగుతుంది, కిందిది సందుల్లోంచి పైకి తన్నుకొస్తుంది. రేలీ-టేలర్ అస్థిరత అని దానికి పేరు.

ఇదే సూత్రం ఆకాశంలోనూ పనిచేస్తుంది. 1054లో చైనావాళ్లు పట్టపగలు కూడా కనిపించిన ఒక కొత్త నక్షత్రాన్ని చూసి రాసిపెట్టుకున్నారు. అది పేలిపోయిన నక్షత్రం. ఆ శకలాలే నేటి క్రాబ్ నెబ్యులా. టెలిస్కోపు చిత్రాల్లో దాని లోపల కనిపించే ఎర్రటి తీగలు, వేళ్లు ఏర్పడటంలో ఈ అస్థిరతకే పెద్ద పాత్ర ఉందని ఖగోళ శాస్త్రవేత్తలు చెబుతారు. తేలికైన వేడి వాయువు లోపలినుంచి నెడుతుంటే, బరువైన పదార్థం వేళ్లు చాపుతుంది. జానెడు చెక్క మీద లక్కరు చేసిన పనిని, అక్కడ కొన్ని కాంతి సంవత్సరాల మేర నక్షత్ర ధూళి చేస్తోంది. నేటి చిత్రకారులు రెజిన్, యాక్రిలిక్ కలిపి ఒంపి, సముద్రతీరాలు, నక్షత్ర మండలాలు అంటూ వేసే బొమ్మలు ఎందుకంత నిజంలా ఉంటాయో దీంతో కొంత తెలుస్తుంది. అక్కడ నకలు తీయడం కాస్తే, జరగనివ్వడం ఎక్కువ.

మరి పోలక్? అతను గురువు దగ్గర పోయడం నేర్చుకున్నాడు కానీ, రంగును దాని ఇష్టానికి వదిలేయలేదు. తేనెను చెంచాతో ఎత్తి పళ్లెంలోకి మెల్లగా వదిలితే, ధార కింద తగిలేచోట చుట్టలు చుట్టలుగా పడుతుంది. చిక్కటి బెల్లం పాకమూ అంతే. పోలక్ ధారల్లో అలాంటి చుట్టలు చాలా అరుదు. జెనిత్ బృందమే 2019లో ఈ విషయం మీద కూర్చుంది. పోలక్ పనిచేస్తుండగా తీసిన పాత ఫిల్మును కొలిచి, సిరంజిలోంచి రంగు వదిలే యంత్రంతో ప్రయోగాలు చేసింది. చెయ్యి ఎంత ఎత్తున ఉంటే, ఎంత వేగంగా కదిలితే ధార చుట్టుకోకుండా తీగలా సాగుతుందో, పోలక్ చెయ్యి సరిగ్గా ఆ హద్దుల్లోనే కదిలిందని తేలింది. అతనికి సమీకరణాలు రావు. జిలేబీ వేసేవాడికీ రావు.

ఇంకో వాదన కూడా ఉంది. రిచర్డ్ టేలర్ అనే భౌతికశాస్త్రవేత్త 1999లో 'నేచర్' పత్రికలో, పోలక్ గీతల్లో ఫ్రాక్టల్ లక్షణం ఉందని రాశాడు. పెద్ద కొమ్మ ఆకారమే చిన్న రెమ్మలో, ఇంకా చిన్న ఈనెలో కనిపిస్తుందే, అదే ఫ్రాక్టల్. సముద్రతీరపు వంపులు, మబ్బులు, చెట్లు అలాంటివే. 2006లో మరికొందరు ఈ లెక్క నిలబడదని, ఊరికే గీసిన పిచ్చిగీతలు కూడా ఆ పరీక్షలో నెగ్గుతాయని ఎదురు రాశారు. గొడవ అలాగే ఉంది. ఈ వాదనను పూర్తిగా నెత్తికెత్తుకోనక్కర్లేదు. తేనె లెక్క మాత్రం వంటింట్లో ఎవరైనా చేసి చూసుకోవచ్చు.

'ఇలాంటివి మా బుజ్జిగాడూ వేస్తాడు' అనే మాట ఈ బొమ్మల ముందు ఎప్పుడూ వినిపించేదే. 2011లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షకు పెట్టారు. పేరున్న చిత్రకారుల నైరూప్య చిత్రాలను, చిన్నపిల్లలూ జంతువులూ వేసినవాటిని జతలు జతలుగా విద్యార్థులకు చూపించారు. కొన్నిటికి అసలు పేరు పెట్టారు, కొన్నిటికి కావాలనే తారుమారు చేశారు, కొన్నిటికి ఏ పేరూ పెట్టలేదు. గుడ్డిగా ఎంచుకుంటే సగం సగం రావాలి. పేర్లు తారుమారైనప్పుడు కూడా విద్యార్థులు సగంకన్నా ఎక్కువసార్లు చిత్రకారుడి బొమ్మనే మెరుగైనదని పట్టుకున్నారు. నూటికి నూరూ కాదు సుమా! అట్ట అబద్ధం చెప్పినా కన్ను కొంత నిజం చూస్తుందని తేలింది. బుజ్జిగాడు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, కొన్ని జతల్లో వాడూ గెలిచాడు.

అంకెల కాలం కూడా పోలక్‌కు ఎక్కువ రోజులు సాగలేదు. 1953లో మళ్లీ పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఏటి బొమ్మల్లో ఒకటి 'ఓషన్ గ్రేనెస్', సముద్రపు బూడిదరంగు. ఇంకొకటి 'ద డీప్', అంటే లోతు. ఇది ఇప్పుడు పారిస్‌లోని పాంపిడూ కేంద్రం సేకరణలో ఉంది. రెండు మీటర్లకు పైగా ఎత్తు. చుట్టూ తెల్లటి నురగ, మధ్యలో చీలిక, చీలికలో నలుపు. విమానంలోంచి మబ్బుల సందున సముద్రం కనిపించినట్టూ ఉంటుంది, చుక్కల మధ్య చీకటి కనిపించినట్టూ ఉంటుంది. ఆరేళ్ల కిందట పక్కింటివాళ్లు చదివి చెప్పిన నీళ్లు, ఆకాశం చివరికి అతని లోపలికే ఇంకాయో, మొదటినుంచీ లోపలే ఉండి అప్పటికి బయటపడ్డాయో, చూసేవాళ్లు ఎవరికి వారు అనుకోవాల్సిందే. ఎత్తులో పెట్టించిన ఆ కిటికీని తలచుకుంటే రెండోదే నిజమనిపిస్తుంది. చూడకూడదని అంత పట్టుపట్టేది బాగా తెలిసినదాన్నే కదా.

ఆ తర్వాత వేసినవి బహు కొద్ది. తాగుడు మళ్లీ పట్టుకుంది. 1956 ఆగస్టు 11 రాత్రి తాగి కారు నడుపుతూ, ఇంటికి దగ్గరలోనే చెట్లకు గుద్ది చనిపోయాడు. వయసు 44. కారులో ఉన్న ఒక యువతి ప్రాణం కూడా అతనితోపాటే పోయింది. అతని గొప్పతనం చెప్పేవాళ్లు ఈ సంగతిని గబగబా దాటేస్తుంటారు. దాటకూడదు.

కొట్టంలో ఆ తర్వాత క్రాస్నర్ బొమ్మలు వేసింది. పోలక్ బతికుండగానే, 1953లో, చలికి తట్టుకునేలా కొట్టాన్ని బాగుచేయించినప్పుడు నేల మీద చెక్కపొట్టుతో చేసిన పలకలు పరిపించారు. 1984లో క్రాస్నర్ పోయింది. ఇల్లు మ్యూజియం అయ్యే క్రమంలో ఆ పలకలు ఊడదీస్తే, అడుగున పాత నేల బయటపడింది. కాన్వాసుల అంచులు దాటి పడిన రంగంతా అక్కడే ఉంది. నల్లటి ధారలు, వెండి చుక్కలు, నీలం, ఎరుపు, వాటి మధ్య కాన్వాసులు పరిచినచోట మిగిలిన అంచుల గుర్తులు. చూడ్డానికి వచ్చినవాళ్లు బూట్లు గుమ్మం దగ్గరే విడిచి, అక్కడిచ్చే మెత్తటి చెప్పులు తొడుక్కుని దాని మీదే నడుస్తారు. గోడకు వేలాడదీసే వీల్లేదు, ఎవరికీ అమ్మే వీల్లేదు. పక్కింటివాళ్లెవరూ వచ్చి దానికి పేరు పెట్టలేదు. పిల్లలు దాని మీద వంగి ఇదిగో చేప అంటారు, అదిగో రాకెట్టు అంటారు. బయటికొస్తే ఎదురుగా ఉప్పుటేరు.